చిన్నమాటల అక్క

పోయిన నెలలో ఒక మధ్యాహ్నం, కృష్ణపట్నం దగ్గర మా ఆఫీసు క్యాంటీన్లో అన్నం తింటూ ఉండగా ఫోనుకి ఒక మెసేజ్ వచ్చింది. అక్క వాళ్ళన్న కూతురు పంపింది. ఇంగ్లీషులో ఒకటే ముక్క: ‘అత్త పాస్డ్ అవుట్’.

పాస్డ్ అవుట్ అంటే స్పృహ తప్పడం. కామెర్లతో మంచాన ఉంది కదా, నీరసానికి కళ్ళు తిరిగి ఉంటాయి, సెలైన్ ఎక్కిస్తే లేచి కూర్చుంటుందిలే అనుకున్నాను. సాయంత్రం బస్సు దిగి నేరుగా ఆసుపత్రికి పోదామనుకుని, మజ్జిగ కూడా పోసుకుని తిన్నాను. చెయ్యి కడుక్కుని ఫోన్ చేస్తే అవతల ఏడుపులు వినబడ్డాయి. ఆ పిల్ల రాయాల్సింది ‘పాస్డ్ అవే’, అంటే చనిపోయింది అని. చివరి మాట ఒకటి మారిపోయింది. నేను భోజనం ముగించేదాకా అక్క నాకు బతికే ఉంది.

ఆ పిల్లని నేనేమీ అనలేదు. అక్క ఉన్నా ఏమీ అనేది కాదు. లేచి తన జిరాక్స్ అంగడి బయటికి పోయి, రోడ్డు మీద వచ్చే పోయే ఆటోలకేసి చూస్తూ కాసేపు నిలబడి ఉండేది.

అక్క అంటున్నాను కానీ ఆమె మాకు చుట్టం కాదు. మాది అల్లూరు, వరి పండించుకునే ఇల్లు. ఆమెది సముద్రం ఒడ్డు పాళెం. వాళ్ళన్న చేపల వేటకి పోతాడు. ఆ పాళెంలో మొట్టమొదట డిగ్రీ చదివిన ఆడపిల్ల ఆమె. పెళ్ళి కాలేదు, ఎందుకు కాలేదని నేనడగలేదు. రోజూ పొద్దున్నే షేర్ ఆటోలో అల్లూరు వచ్చి, బస్టాండు పక్కన జిరాక్స్ అంగడి తెరిచేది. జిరాక్స్ తీసేది, అర్జీలు రాసిపెట్టేది, మధ్యాహ్నాలు నా బోటి వాళ్ళకి ఇంగ్లీషు చెప్పేది. డిగ్రీ అయిపోయాక పోర్టు వైపు కంపెనీల్లో ఇంటర్వ్యూలకి పోయి, నోరు పెగలక తిరిగొచ్చిన రోజుల్లో నేను ఆమె దగ్గర చేరాను.

మనిషి పొట్టి. ఎండకి కమిలిన మొహం, చమురు పెట్టి బిగించి అల్లిన జడ. ఎప్పుడూ కొంగు చివర బఠాణీలు మూటగట్టుకుని ఉండేది. మనం తప్పు చెబితే తిట్టేది కాదు, ఒక బఠాణీ నోట్లో వేసుకుని పటుక్కున కొరికేది. ఆ చప్పుడు వింటే తప్పు చెప్పామని తెలిసేది.

చదివేటప్పుడు ఆమె పద్ధతి వేరు. అందరం పెద్ద మాటలు చూస్తూ పోతాం. ఆమె వాటిని దాటేసి ఇన్, ఆన్, అప్, ఆఫ్ లాంటి వాటి కింద బొటనవేలి గోరు ఆనించేది. ఎవరైనా ఫోన్లో బ్యాంకు మెసేజో, కంపెనీ మెసేజో తెచ్చి ఏముందో చెప్పమంటే ముందు కూర్చోమనేది. “ఉండు, చిన్నమాట చూడనీ” అనేది. చదివిందే మళ్ళీ మళ్ళీ చదివేది. కాగితం మీద రాసుకుని, డిక్షనరీ తీసి చూసి, అప్పుడు కూడా ఇట్లా అని ఉండొచ్చు అనేది తప్ప ఇంతే అనేది కాదు. వచ్చినవాళ్ళకి విసుగు. రొయ్యల గుంటల యజమాని ఒకాయన, బండి దిగకుండానే ఫోన్ చాపి, ఇంత చిన్న మెసేజ్‌కి ఇంతసేపా అని నవ్వేవాడు. ఆమె తలెత్తేది కాదు.

ఇంగ్లీషులో క్రియ వెనకాల వచ్చే చిన్నమాటని ఆమె తోక అనేది. లుక్ అంటే చూడటం, సరే, దాని తోకేంది అని అడిగేది. తోక ఆఫ్టర్ అయితే బాగోగులు చూసుకోవడం, ఫర్ అయితే వెతకడం. దుబాయ్‌లో ఉండే కుర్రవాడొకడు ఊళ్ళో స్నేహితుడికి, మా అమ్మని చూసుకోరా అనబోయి ‘లుక్ ఫర్ మై మదర్’ అని మెసేజ్ పెట్టాడు. ఆ స్నేహితుడు హడావిడిగా ఇల్లిల్లూ తిరిగి వెతికితే, ఆ తల్లి వాకిట్లో కూర్చుని చింతపండు ఒలుస్తోంది. ఈ సంగతి క్లాసులో ఎవరో చెబితే మేమంతా పగలబడి నవ్వాం. అక్క నవ్వలేదు. “నవ్వబాకండి” అంది. ఎంత నెమ్మదిగా అందంటే, నవ్వు అక్కడికక్కడే ఆగిపోయింది.

ఆమె పాఠాలన్నీ పాళెంలోంచే వచ్చేవి. పడవకి ఇన్, ఓడకి ఆన్ ఎందుకని అడిగాను ఒకసారి. మనకి రెండిటికీ ‘లో’నే కదా, పడవలో, ఓడలో అంటాం కదా అని నా వాదన. పడవలో నువ్వు కూర్చుంటావు, చుట్టూ అంచు నిన్ను పట్టుకునుంటుంది, ఓడ మీద అయితే నేల మీద తిరిగినట్టు తిరుగుతావు, అందుకని వాళ్ళకి రెండూ ఒకటి కాదు అంది. అది నాకిప్పటికీ గుర్తుంది. తర్వాత సముద్రం దగ్గరికి వచ్చింది. బోర్డు మీద సుద్దతో ఒక అల గీత గీసింది.

“బై ద సీ అంటే ఒడ్డున ఉండాడు. యాట్ సీ అంటే ఓడ మీద పనిలో ఉండాడు, ఊళ్ళో లేడు. ఇన్ ద సీ అంటే...” అని ఆగిపోయింది.

మేము పెన్నులు పట్టుకుని చూస్తున్నాం. ఆమె సుద్ద కింద పెట్టేసి జిరాక్స్ మిషన్ దగ్గరికి పోయింది. మూత ఎత్తింది, అద్దం తుడిచింది, మూత వేసింది. ఆ రోజు పాఠం అక్కడితో సరి.

రోజూ పొద్దున చేపల గంప నెత్తిన పెట్టుకుని ఒకామె అంగడి ముందుకి వచ్చేది. అక్క వాళ్ళ పాళెమే. అల్లూరు వీధుల్లో చేపలు అమ్మేది. గంప మెట్టు మీదికి దించి, తడి చెయ్యి చీరకి తుడుచుకుని, లోపలికి తొంగి చూసేది.

“పాపా, ఏమన్నా వచ్చిందా?”

“ఏం రాలేదత్తా.”

“సరేలే. ఎతకతా ఉండారు గదా, రాకుండా యాడికి పోతాది.”

అని గంప ఎత్తుకుని వెళ్ళిపోయేది. నేను పొద్దున్నే అంగడికి పోయిన రోజల్లా ఇది చూశాను. ఏదో పింఛను కాగితం కోసమనుకున్నాను, ఆఫీసులో ఫైలు వెతుకుతున్నారేమోననుకున్నాను. ఆమె పోయాక మాత్రం అక్క చేతిలో పని కాసేపు కదిలేది కాదు. ఎవరైనా జిరాక్స్ అడిగితే ఎన్ని కాపీలో రెండుసార్లు చెప్పాల్సి వచ్చేది.

ఒక తుఫాను రోజు మధ్యాహ్నం కరెంటు పోయింది, వాన ఆగలేదు, క్లాసుకి నేనొక్కదాన్నే వచ్చాను. ఆ రోజు చదువు లేదు. ఇద్దరం సగం దించిన షట్టరు కింద కూర్చుని వాన చూస్తున్నాం. ఆ చేపలామె ఎవరక్కా అని ఊరికే అడిగాను. అక్క చెప్పుకొచ్చింది.

చేపలామెకి ఒక్కడే కొడుకు. పడవల్లో చేపల వేట వద్దని, మద్రాసు ఏజెంటు ద్వారా సరుకుల ఓడలో పనికి పోయాడు. పోతూ పోతూ, ఏదైనా కబురు వస్తే మా నాయనకి చదివి చెప్పక్కా అని అక్కకి చెప్పి పోయాడు. వాళ్ళ నాయనకి ఇంగ్లీషు కాదు కదా తెలుగు చదవడం కూడా రాదు. ఆ ఏడాదే ఒక రోజు ఆ నాయన ఫోనుకి కంపెనీ నుంచి మెసేజ్ వచ్చింది. ఎక్కడో దూర దేశపు సముద్రంలో పిల్లవాడు ఓడ మీది నుంచి పడిపోయాడు. అక్కడి కోస్ట్ గార్డుని ‘కాల్డ్ ఇన్’, అంటే పిలిపించారు. ఇది అక్క సరిగ్గానే చదివింది. సాయానికి మనుషుల్ని పిలిచినారు, వెతకతా ఉండారు అని చెప్పింది. పాళెమంతా ఆమె చుట్టూ మూగి ఉంది. తల్లి ఆమె మోకాళ్ళు పట్టుకుని కూర్చుని ఉంది.

తర్వాత ఇంకో మెసేజ్ వచ్చింది. సెర్చ్ హాజ్ బీన్ కాల్డ్ ఆఫ్.

మొదటి మెసేజ్‌లో కాల్డ్ అంటే పిలిచినారు. ఇందులోనూ కాల్డ్ ఉంది, సెర్చ్ ఉంది. అందరూ ఆమె మొహంలోకే చూస్తున్నారు. వెతకడానికి ఇంకా మనుషుల్ని పిలిచినారు అని చెప్పేసింది. తోక చూడలేదు. చూసినా ఆ రోజు ఆమెకి తెలిసేది కాదేమో, తెలియదు. కాల్డ్ ఆఫ్ అంటే ఆపేశారు. వెతకడం మానేశారు.

అట్లా చెప్పగానే ఆ తల్లి లేచి పోయి, అన్నం పెట్టుకుని తిన్నదంట. మొదటి కబురు వచ్చినప్పటి నుంచి మెతుకు ముట్టని మనిషి. బలముంటేనే గదా వాడొచ్చినాక చూసుకునేది అన్నదంట.

ఆ తర్వాత కంపెనీ నుంచి ఏ కబురూ లేదు. ఎదురు చూసి చూసి, పిల్లవాడి నాయన మద్రాసు పోయి ఏజెంటునే అడుగుదామన్నాడు. మాట్లాడటానికి అక్కని తోడు తీసుకుపోయాడు. ఆఫీసులో ఒక గుమాస్తా అరవం కలిసిన తెలుగులో మర్యాదగానే మాట్లాడాడు. అప్పుడే చెప్పేశాం కదమ్మా అన్నాడు. తన ఫోన్లో మెసేజ్ తీసి చూపించి, ఆపేసినారని రాసింది కదా, ఇదిగో అని వేలు పెట్టి చూపించాడు. ఆయన వేలు ఆ చిన్నమాట మీద ఉంది. పిల్లవాడి నాయన అక్క వైపు తిరిగి చూశాడు.

నెల్లూరులో రైలు దిగబోతూ ఆయన ఒక్క మాట అన్నాడు.

“వాళ్ళమ్మకి నువ్వే చెప్పు పాపా. నా వల్ల కాదు.”

ఈ మాట చెప్పేటప్పుడు అక్క గొంతు మామూలుగానే ఉంది. ఎప్పుడో లోపల చాలాసార్లు చెప్పుకుని అరగదీసిన మాటలాగా వచ్చింది.

చెప్పింది. తెల్లారి పోయి కాళ్ళ దగ్గర కూర్చుని, నేను తప్పు చదివినానత్తా, ఎతకడం అప్పుడే ఆపేసినారంట, పిల్లోడు లేడంట అని చెప్పింది. తల్లి విన్నది. విని, ఆమె తల నిమిరి, మద్రాసోళ్ళు నిన్ను బెదరగొట్టినారు పాపా అన్నది. మా వాడు నీకు చెప్పి పోయినాడు, నువ్వు చదివింది నువ్వు నోటితో చెప్పినావు, నాకదే నిజం, వాళ్ళకి డబ్బులు పోతాయని అట్ట చెప్తా ఉండారు అన్నది. అక్క హైస్కూలు పంతులుగారిని పిలుచుకొచ్చి చదివించింది. మొగుడు దేవుడి మీద ఒట్టు పెట్టి చెప్పాడు. ఆమె ఎవరి మాటా వినలేదు. కొడుకు ఫోటోకి దండ వెయ్యనివ్వలేదు. కర్మ చెయ్యనివ్వలేదు. ఉన్న కొడుక్కి కర్మ చేస్తారా అని మొగుడి మీద విరుచుకుపడింది. వాడి చొక్కాలు పండగ పండగకీ ఉతికి మడత పెట్టింది. రోజూ పొద్దున అంగడికి వచ్చి అడగడం మొదలుపెట్టింది.

నాకు చేతనైన ఓదార్పు చెప్పాను. నువ్వు సరిగ్గా చదివినా పిల్లవాడు వచ్చేవాడు కాదు కదక్కా అన్నాను.

“పిల్లోడు రాడు. నాకు తెలుసు. సరిగ్గా చదివుంటే ఆమె ఆ రోజే ఏడ్చుండేది. పాళెమంతా చుట్టూ ఉన్నింది, పట్టుకునే చేతులుండినాయి. ఆమెకి ఏడిచే దారి లేకుండా చేసినాను నేను.”

మరి ఇంత భయం పెట్టుకుని జనం మెసేజ్‌లు ఎందుకు చదవడం, మానెయ్యకూడదా అని అడిగాను. నేను చదవనంటే ఇంకొకరి దగ్గరికి పోతారు, అప్పటి నా మాదిరి వాళ్ళ దగ్గరికి, అన్నది. వాన తగ్గింది. ఆమె లేచి షట్టరు పైకెత్తింది.

నాకప్పుడు చిన్నతనం. కష్టమంటే ఎవరో ఒకరు గట్టిగా చెప్పకపోవడం వల్లనే ఉంటుందనుకునే వయసు. కొన్నాళ్ళకి ఒక పొద్దున అక్క ఇంకా రాలేదు, ఆమె ఇచ్చి ఉంచిన తాళంచెవితో నేనే అంగడి తీసి కూర్చున్నాను. చేపలామె వచ్చి గంప దించింది. అక్క లేకపోయేసరికి నన్నే అడిగింది. నేను ఆమెని లోపల కుర్చీలో కూర్చోబెట్టి, కాల్డ్ ఆఫ్ అంటే ఏమిటో, పాఠం చెప్పినట్టు చెప్పాను. డిక్షనరీ తీసి పేజీ చూపించాను. చదువు రాని మనిషికి డిక్షనరీ చూపించాను. ఆమె ఓపిగ్గా ఆ పేజీ వైపు చూసింది. నా మీద జాలిపడ్డట్టు నవ్వింది.

“నువ్వింకా నేర్చుకుంటా ఉండావు గదమ్మా. ఆ పాప అయితే నేర్చుకునుండాది. ఆ పాప చదివితే అంతే.”

గంప ఎత్తుకోబోతూ, తినమ్మా అని నాలుగు నెత్తళ్ళు కాగితంలో చుట్టి మెట్టు మీద పెట్టి పోయింది.

అక్క వచ్చాక చెప్పాను. కోప్పడుతుందనుకున్నాను, పడలేదు. చేపలు తీసి చూసి, మంచి చేపలు, ఎండెక్కకముందే ఇంటికి తీసుకుపో అంది. ఆ తర్వాత ఆ సంగతి మా మధ్య ఎప్పుడూ రాలేదు.

నాకు ఉద్యోగం వచ్చింది అక్క చదువు వల్లనే. ఇంటర్వ్యూలో ఫిల్ ఇన్, ఫిల్ అప్ తేడా అడగలేదు గానీ, ప్రతి వాక్యం చివర నేను ఆగి చూసుకోవడం వాళ్ళకి నచ్చినట్టుంది, జాగ్రత్త మనిషి అన్నారు. కంపెనీ బస్సులో పోర్టు వైపు పోయి రావడంతో అల్లూరు బస్టాండు వైపు రాకపోకలు తగ్గాయి. ఎప్పుడైనా పోతే అక్క అలాగే ఉండేది. గోరు అలాగే, బఠాణీలు అలాగే. నా ఆఫీసు లెటర్లు కొన్ని చూపించమని అడిగి, కొత్త తోక కనబడితే కాగితం మీద రాసుకునేది. ఎంత నేర్చుకున్నా ఇంకోటి వస్తానే ఉంటాది, వీటికి అంతు లేదు అనేది. ఆ మాట అన్నప్పుడు ఆమె మొహం చూస్తే, పెద్ద నదిలో చెంబుతో నీళ్ళు తోడే మనిషిని చూసినట్టుండేది.

కామెర్లని ఆమె చాలా రోజులు పట్టించుకోలేదు. పసరు మందు తాగింది, అంగడి మూసేది కాదు. ముదిరిపోయాక వాళ్ళన్న నెల్లూరు ఆసుపత్రిలో చేర్చాడు. చూడ్డానికి పోయాను. కళ్ళు పసుపు ముద్దల్లా ఉన్నాయి, పొట్ట ఉబ్బి ఉంది. మాట సన్నగా వస్తోంది. మంచం తల దగ్గర ఇంగ్లీషులో ఏదో రాసి తగిలించి ఉంటే దాన్ని చదవమంది. చదివాను. మళ్ళీ చదవమంది. చాలులే అని కళ్ళు మూసుకుంది. నేను బయల్దేరుతుంటే చెయ్యి పట్టుకుంది.

“నేను లేకపోతే ఆమె పొద్దున్నే వచ్చి ఎవుర్ని అడగతాదో” అంది.

నేనున్నానులే అనలేదు, చెబుతాలే అనలేదు. ఏ మాట అన్నా తప్పవుతుందనిపించింది. ఆమె చెయ్యి కాసేపు పట్టుకుని వచ్చేశాను. అదే ఆఖరు.

మెసేజ్ వచ్చిన రోజు సెలవు పెట్టి పాళెం పోయాను. అక్కని ఇంటి ముందు పడుకోబెట్టారు. వల మరమ్మతు చేసే రేకుల షెడ్డు కింద మగవాళ్ళు కూర్చుని ఉన్నారు. అల్లూరు నుంచి చాలామందే వచ్చారు, రొయ్యల గుంటల యజమాని కూడా వచ్చి, బండి దిగి, తలపాగా తీసి నిలబడ్డాడు. చేపలామె అక్క కాళ్ళ దగ్గర కూర్చుని ఉంది. ఏడవడం లేదు. పసుపు రాసింది, జడ సరిచేసింది, మీద వాలే ఈగల్ని కొంగుతో తోలుతూ ఉంది. నన్ను చూసి గుర్తు పట్టి, జరిగి చోటిచ్చింది. నేను కూర్చున్నాను. ఆమె ఏదైనా అడుగుతుందేమోనని భయపడ్డాను. అడగలేదు.

పాడె లేచింది. ఆడవాళ్ళం సరుగుడు తోపు దాకా పోయి ఆగిపోయాం. మగవాళ్ళు తోపు దాటి పోబోతుంటే, చేపలామె మా మధ్య నుంచి విడివడి, ఇసకలో తూలుకుంటూ ముందుకు పోయి మొగుడి భుజం పట్టుకుంది. ఆయన ఆగి వెనక్కి తిరిగాడు. నేను ఆమెని పట్టుకుందామని వెనకే పోయాను కాబట్టి నాకు వినబడింది.

“పిల్లోడికి చెయ్యాల్సింది చేసెయ్యయ్యా” అంది. “ఇంక నాకు చదివి చెప్పేదెవురు.”

ఆయన ఆమె మొహంలోకి చూశాడు. భుజం మీద తువ్వాలు తీసి ఆమె చేతిలో పెట్టి, మిగతా మగవాళ్ళ వెనక తోపులోకి నడిచిపోయాడు.

ఆమె ఆ తువ్వాలు పట్టుకుని అక్కడే ఇసకలో కూలబడింది. కొడుకు పేరు పెట్టి పిలవలేదు. ముందు ఒక మూలుగులాంటిది వచ్చింది, ఆ తర్వాత నేల మీద అరచేతులతో కొట్టుకుంటూ ఏడవడం మొదలుపెట్టింది. ఆడవాళ్ళంతా పరుగున వచ్చి చుట్టూ చేరారు. కన్న కూతురి కంటే ఎక్కువగా చూసుకునింది, పాపం, అనుకుంటూ ఆమెని లేవదీయడానికి చూశారు. అందరూ ఆ ఏడుపు అక్క కోసమే అనుకున్నారు. నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఆమెని లేపొద్దని మాత్రం అన్నాను.